బిడ్డ సంగతి ముందు తల్లికి చెప్పండి

కాన్పు గది బయట మనవాళ్ళ నోట ఒక మాట తరచూ వింటుంటాను: "దానికి ఇప్పుడే చెప్పకండి." బిడ్డ పెదవి చీలి పుట్టిందనో, పాదం లోపలికి తిరిగి ఉందనో, వెన్ను మీద బుడగ ఉందనో డాక్టరు బయటికొచ్చి చెప్తారు. భర్తకు తెలుస్తుంది, అత్తగారికి తెలుస్తుంది, ఫోన్లో ఊళ్ళో ఉన్న పెదనాన్నకు కూడా తెలిసిపోతుంది. మోసి కన్న మనిషికి మాత్రం తెలియదు. ఆమెతో "బిడ్డను బాక్సులో పెట్టారు, రేపు చూపిస్తారులే" అంటారు. ప్రేమకొద్దీ చేసే పనే, కాదనను. కానీ దానివల్ల బిడ్డకే నష్టం. ఎలాగో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నేనుండేది చెన్నైలో, పెరంబూరులో. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, ఇటు నగరి, పుత్తూరు వైపు నుంచి పసిబిడ్డలను ఎత్తుకుని ఎగ్మూరు పిల్లల ఆసుపత్రికి వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. తమిళం రాక, ఏ కౌంటరు దగ్గర ఏ చీటీ ఇవ్వాలో తెలియక తిప్పలు పడుతుంటారు. తెలిసినవాళ్ళ ద్వారా నాకు ఫోన్ వస్తుంది. వెళ్తాను. డాక్టరు చెప్పింది తెలుగులో చెప్తాను, వాళ్ళు అడగాలనుకున్నది తమిళంలో అడుగుతాను. నేను డాక్టర్ని కాను, నర్సునూ కాను. మధ్యలో నిలబడి మాట అందించే మనిషిని కాబట్టి ఎవరికి ఏ మాట అందుతోందో, ఎవరికి అందడం లేదో బాగా కనబడుతుంది.

ఈ పని మా ఇంట్లోంచే మొదలైంది. 2023 జనవరిలో మా చెల్లెలికి నెల్లూరులో ఒక నర్సింగ్ హోములో ఆపరేషన్ చేసి మగబిడ్డను తీశారు. పై పెదవి ఎడమపక్క ముక్కు దాకా చీలి ఉంది, నోట్లో అంగిలి కూడా కలవలేదు. మా మరిది ఫోన్ చేసి, "వదినా, తను తట్టుకోలేదు. కుట్లు ఆరేదాకా చెప్పొద్దని అందరం అనుకున్నాం. నువ్వొచ్చినా ఏమీ అనొద్దు" అన్నాడు. నేను వెళ్ళేసరికి మా చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "అక్కా, పోయాడా?"

బిడ్డ చచ్చిపోయాడు, నాకు చెప్పడం లేదు అని అది రాత్రంతా అనుకుంటూ ఉంది. నర్సు చూపు తప్పించింది, అమ్మ కళ్ళు ఉబ్బి ఉన్నాయి, భర్త గదిలో నిలవడం లేదు. ఇవన్నీ చూసి ఎవరైనా అదే అనుకుంటారు. తట్టుకోలేదని దాచిపెట్టిన సంగతి కంటే, దాచిపెట్టడం వల్ల ఆమె ఊహించుకున్నది వెయ్యి రెట్లు పెద్దది. ఉన్నది ఉన్నట్టు చెప్పి, బిడ్డను తెచ్చి ఒళ్ళో పెట్టాం. ఏడ్చింది. ఏడుస్తూనే వాడి నోరు వేలితో తెరిచి చూసుకుంది. తరవాత అడిగింది: "మరి పాలెట్లా తాగుతాడు?"

అప్పటిదాకా ఆ ప్రశ్న అడిగినవాళ్ళు మా కుటుంబంలో ఒక్కరూ లేరు. అందరూ ముఖం గురించి, ఊళ్ళో వాళ్ళకు ఏం చెప్పాలన్నదాని గురించి మాట్లాడుతున్నారు. బిడ్డ ఆకలి గురించి అడిగింది తల్లే. నా వాదనంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

అంగిలి చీలిన బిడ్డ రొమ్ము పట్టినా పాలు లాగలేడు. నోరు ముక్కులోకి తెరుచుకుని ఉంటుంది కాబట్టి చప్పరిస్తే పట్టు దొరకదు. కాసేపు ప్రయత్నించి అలసిపోయి నిద్రపోతాడు. చూసేవాళ్ళు కడుపు నిండిందనుకుంటారు. పెదవి మాత్రమే చీలిన పిల్లలు చాలామంది రొమ్ము తాగగలరు. అంగిలి కూడా చీలితే తల్లి పాలు పిండి పట్టాలి. మా చెల్లెలు స్టీలు గిన్నెలోకి పాలు పిండి, ఉగ్గుగిన్నెలో పోసుకుని, వాణ్ణి నిటారుగా ఒడిలో కూర్చోబెట్టుకునేది. ఉగ్గుగిన్నె ముక్కును చీలిక లేని పక్క నుంచి బుగ్గలోకి ఆనించి, కొద్దికొద్దిగా వంచేది. వాడు గుటక వేశాక మళ్ళీ వంచేది. ఒక్కోసారి పాలు ముక్కులోంచి వచ్చేసేవి. మొదట్లో మా అమ్మ హడలిపోయింది. ముక్కులోంచి రావడం ఈ పిల్లల్లో మామూలేనని, నిటారుగా పట్టుకుంటే తగ్గుతుందని డాక్టరు చెప్పాక కుదుటపడింది. మధ్యమధ్యలో భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించాలి, ఎందుకంటే ఈ పిల్లలు పాలతో పాటు గాలి బాగా మింగుతారు. ఒక పూట పాలు పట్టడానికి అరగంట. పూర్తయ్యేసరికి మళ్ళీ పిండుకునే వేళ అవుతుంది.

కాన్పయిన తొలి గంటల్లో, తొలి రోజుల్లో పాలు పిండకపోతే పాలు పడటమే తగ్గిపోతుంది. అంటే తల్లికి చెప్పకుండా గడిపిన ప్రతి పూటా బిడ్డ తిండిలోంచి తీసేసినట్టే. తిండి తగ్గితే బరువు పెరగదు, బరువు పెరగకపోతే ఆపరేషన్ వాయిదా పడుతుంది. పెదవి ఆపరేషన్ కు డాక్టర్లు ఎప్పట్నుంచో చూసే లెక్క ఒకటుంది: 10 వారాల వయసు, 10 పౌన్ల బరువు అంటే సుమారు నాలుగున్నర కిలోలు, రక్తంలో హిమోగ్లోబిన్ 10 గ్రాములు. మామూలుగా పెదవిని మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలిని ఏడాది అటూ ఇటూగా సరిచేస్తారు. మాటలు వచ్చేలోపు అంగిలి మూసుకోవాలి. ఆలస్యమైతే మాట ముక్కుతో పలకడం అలవాటైపోతుంది, దాన్ని మాన్పించడం చాలా కష్టం. స్మైల్ ట్రైన్ సంస్థతో కలిసి పనిచేసే ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్లు ఉచితంగా చేస్తారు. చెన్నైలో అలాంటివి ఉన్నాయి. డబ్బు లేక ఆగిపోయినవాళ్ళ కంటే, తెలియక, సిగ్గుపడి ఇంట్లో దాచుకుని ఆగిపోయినవాళ్ళనే నేను ఎక్కువ చూశాను.

ఇక గ్రహణం సంగతి. మా చెల్లెలి అత్తగారు మంచావిడ, మనవడి కోసం నిద్ర మానుకుని కూచున్న మనిషి. అయినా ఆమె నోట ఆ మాట వచ్చింది. 2022లో దీపావళి మర్నాడు, అక్టోబరు 25 సాయంత్రం పాక్షిక సూర్యగ్రహణం పట్టింది. ఆ పూట కోడలు వంకాయలు తరిగిందని గుర్తు చేసుకుంది. "చెప్పాను, వినలేదు" అంది. అప్పటికి మా చెల్లెలికి ఏడో నెల. బిడ్డ పై పెదవి రెండు పక్కల నుంచీ వచ్చి కలుసుకునేది గర్భం నాలుగు నుంచి ఏడు వారాల మధ్య. అంగిలి కలుసుకునేది ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య. ఆ వంకాయలు తరిగేనాటికి వీడి పెదవి సంగతి తేలిపోయి నాలుగు నెలలు దాటింది. ఈ మాటే ఆవిడకు కాగితం మీద నెలలు రాసి చూపించి చెప్పాను. "అత్తయ్యా, పెదవి కలవాల్సిన రోజులకు మనకెవ్వరికీ దాని నెల తప్పిన సంగతి కూడా సరిగ్గా తెలియదు" అన్నాను. ఆవిడ చాలాసేపు వేళ్ళ మీద లెక్క వేసుకుంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

గ్రహణం మొర్రి ప్రపంచం మొత్తం మీద దాదాపు 700 కాన్పులకు ఒకరిలో కనబడుతుంది. గ్రహణాలను పట్టించుకోని దేశాల్లోనూ అంతే. జన్యువుల పాత్ర ఉంటుంది. పొగ తాగడం, గర్భానికి ముందు నుంచే ఉన్న చక్కెర వ్యాధి, మూర్ఛకు వాడే కొన్ని మందులు ముప్పును పెంచుతాయి. ఎక్కువమంది విషయంలో ఇదీ కారణమని ఒకటి చూపించలేరు. చూపించలేని చోట మనవాళ్ళు తల్లిని నిలబెడతారు. ఆమె తిన్నది, తొక్కింది, చూసింది, తరిగింది అన్నీ బయటికొస్తాయి. ఆ మాటలు ఆమె చెవిన పడకుండా ఉండాలంటే డాక్టరు మాట ముందు ఆమె చెవిన పడాలి.

తల్లిని పక్కన పెట్టడం వల్ల వచ్చే నష్టం మొర్రి ఒక్కదానితో ఆగదు. పుట్టుకతో కనబడే లోపాల్లో చాలావాటికి సరిచేసే అదను ఉంటుంది. ఆ అదనులో రోజూ చేయాల్సిన పని తల్లి చేతిలో ఉంటుంది.

వంకర పాదం సంగతే తీసుకోండి. వెయ్యి మంది పిల్లల్లో దాదాపు ఒకరికి పాదం లోపలికి, కిందికి తిరిగి పుడుతుంది. ఒకప్పుడు పెద్ద ఆపరేషన్లు చేసేవారు. స్పెయిన్ లో పుట్టి అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఇగ్నాసియో పొన్సెటి అనే ఎముకల డాక్టరు, వారం వారం కట్లు మారుస్తూ పాదాన్ని మెల్లగా తిప్పే పద్ధతి కనిపెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా అదే. పుట్టిన ఒకటి రెండు వారాల్లో మొదలుపెడితే పాదం చెప్పినట్టు వింటుంది.

ఆ కట్లు కట్టే గదిలో నేను చాలాసార్లు నిలబడ్డాను. పాత సిమెంటు కట్టును ముందు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి విప్పుతారు. లోపల కాలు మెత్తబడి, ముడతలు పడి ఉంటుంది. తల్లి దాన్ని కడిగి తుడుస్తుంది. అప్పుడు డాక్టరు పాదం పైన బయటివైపు ఉబ్బెత్తుగా తగిలే ఎముక మీద బొటనవేలు ఆనించి, రెండో చేత్తో పాదం ముందుభాగాన్ని బయటికి మెల్లగా తిప్పుతారు. బలం పెట్టరు. బిడ్డ ఏడవకుండా ఉండగలిగినంతే. తిప్పింది తిప్పినట్టు పట్టుకుని ఉంటే పక్క మనిషి దూది చుట్టి, తడిపిన కట్టును వేళ్ళ నుంచి తొడ మొదలు దాకా చుడతారు, మోకాలు మడిచి ఉంచి. ఈ పని జరుగుతున్నంతసేపూ తల్లి బల్ల పక్కన వంగి బిడ్డకు పాలిస్తూ ఉంటుంది. పాలు తాగే బిడ్డ కాలు వదులుగా ఉంచుతాడు. అందుకే ఆకలితో ఉన్న బిడ్డను తీసుకురమ్మంటారు. కట్టు ఆరాక కాలివేళ్ళు బయటికి కనబడాలి. బొటనవేలు నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి. ఎర్రబడకపోయినా, వేళ్ళు లోపలికి జారిపోయినా వెంటనే రావాలి. ఈ ఒక్క విషయం తల్లికి అర్థమయ్యేలా ఆమె భాషలో చెప్పడానికే నన్ను పిలిచిన రోజులున్నాయి.

సాధారణంగా ఐదారు కట్లు పడతాయి. ఆ తరవాత చాలామందికి మడమ వెనక బిగుసుకున్న టెండన్ మీద, అంటే కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ మీద, చిన్న గాటు పెడతారు, మూడు వారాలు చివరి కట్టు ఉంచుతారు. అక్కడితో పాదం చూడటానికి చక్కగా అయిపోతుంది. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. రెండు బూట్లను ఒక కడ్డీకి బిగించి బిడ్డకు తొడగాలి. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆ తరవాత నాలుగైదేళ్ళు వచ్చేదాకా రాత్రిళ్ళు, పగటి నిద్రలో. మళ్ళీ వంకర తిరగడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఈ బూట్లు మధ్యలో మానేయడమే. రాత్రి ఏడుస్తున్న బిడ్డకు ఆ బూట్లు తొడిగి, కడ్డీ బిగించి, వాడు తన్నుకుంటుంటే పక్కన పడుకునేది ఎవరు? తల్లి. "పాదం బాగయిపోయింది కదా, ఇంకా ఎందుకమ్మా బిడ్డను ఏడిపిస్తావు" అనే ఇంటిల్లిపాదికీ జవాబు చెప్పాల్సింది ఎవరు? ఆమే. మొదట్నుంచీ డాక్టరుతో మాట్లాడింది భర్తో మామగారో అయి, ఆమెకు మధ్యమధ్యలో రెండు ముక్కలు చెప్పి వదిలేస్తే, ఆమె దేని బలం మీద ఆ బూట్లను నాలుగేళ్ళు నడిపిస్తుంది?

గుండె సంగతి వేరు, అక్కడ అదను రోజుల్లో ఉంటుంది. వెయ్యి మంది పిల్లల్లో దాదాపు ఎనిమిది మందికి పుట్టుకతో గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. అన్నీ ప్రమాదకరం కావు, చిన్న రంధ్రాలు కొన్ని వాటంతటవే మూసుకుంటాయి. కొన్ని మాత్రం పుట్టినప్పుడు బయటపడవు. కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తులను దాటవేసి రక్తాన్ని పంపే ఒక నాళం పుట్టిన తొలి రోజుల్లో మూసుకుంటుంది. ఆ నాళం మీదే ఆధారపడిన బిడ్డ అప్పుడు ఒక్కసారిగా నీలబడిపోతుంది. ఈలోపే పట్టుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. 24 గంటలు నిండాక పల్స్ ఆక్సిమీటరును బిడ్డ కుడి చేతికి, ఒక పాదానికి పెట్టి చూస్తారు. కోవిడ్ పుణ్యమా అని ఆ యంత్రం ఇప్పుడు మన ఇళ్ళల్లోనూ ఉంది, కానీ పసిబిడ్డకు వేరే క్లిప్పు కావాలి, ఆసుపత్రిలోనే చూడాలి. రెండు చోట్లా ఆక్సిజన్ 95 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండి, రెంటికీ తేడా 3 దాటకపోతే సరే. తక్కువుంటే మళ్ళీ చూసి, గుండె స్కాన్ కు పంపాలి. కాసేపటి పని. ఇంటికి పంపేముందు ఇది చేశారా అని అడగండి. ఇంటికొచ్చాక కనబడే గుర్తులు తల్లికే తెలుస్తాయి. రొమ్ము పట్టి కాసేపు తాగి రొప్పుతూ వదిలేయడం, తాగేటప్పుడు నుదుట చెమట పట్టడం, ఏడిస్తే పెదాలు నల్లబడటం. ఫలానాది గమనించమని ఎవరూ చెప్పకపోతే "మా వాడికి ఆకలి తక్కువ" అనుకుని ఊరుకుంటుంది.

మలద్వారం మూసుకుని పుట్టే పిల్లలు దాదాపు ఐదు వేల మందిలో ఒకరు. లంగోటా విప్పి చూస్తే తెలిసే విషయం. అయినా ఎవరూ చూడక, కడుపు ఉబ్బి, ఆకుపచ్చగా కక్కుతుంటే అప్పుడు పరిగెత్తుకొచ్చిన కుటుంబాన్ని చూశాను. నల్లగా, జిగటగా వచ్చే తొలి విరేచనం 24 గంటల్లో కాకపోతే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

కంటి పాపలో తెల్లగా కనబడితే ఒక్క వారం కూడా ఆగకూడదు. పుట్టుకతో వచ్చే శుక్లం ఒక కంట్లోనే ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపు తీసేయాలంటారు. తరవాత తీసినా మెదడు ఆ కంటితో చూడటం నేర్చుకోదు. చెవులకు లెక్క ఇంకొకటి: నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు. తుంటి కీలు జారి ఉండటం ఆడపిల్లల్లో, ఎదురుకాళ్ళతో ఉన్న పిల్లల్లో ఎక్కువ. కాళ్ళు రెండూ చాపి బిగించి గుడ్డ చుట్టడం దానికి మంచిది కాదు. మన అమ్మమ్మలు చంకనెత్తుకునే పద్ధతిలో బిడ్డ కాళ్ళు ఎడంగా ఉంటాయి, అది తుంటికి మేలు.

కంటి శుక్లం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 1941లో ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరంలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు దగ్గరికి శుక్లాలతో పుట్టిన పిల్లలు చాలామంది వచ్చారు. ఆయన తల్లుల మాట విన్నాడు. ఎక్కువమంది గర్భం తొలినెలల్లో ఒంటి మీద దద్దుర్లతో జ్వరం వచ్చిందన్నారు. అది రుబెల్లా. తల్లికి వచ్చిన అంటువ్యాధి కడుపులో బిడ్డ కంటిని, చెవిని, గుండెను పాడుచేస్తుందని లోకానికి అలా తెలిసింది. ఇరవయ్యేళ్ళ తరవాత థాలిడొమైడ్ విషయంలోనూ అదే జరిగింది. 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన ఆ మందు వల్ల పది వేలకు పైగా పిల్లలు చేతులు, కాళ్ళు సరిగా ఏర్పడక పుట్టారు. తల్లులను కూర్చోబెట్టి ఏమేం మందులు వేసుకున్నావమ్మా అని అడిగిన డాక్టర్ల వల్లే 1961లో అది బయటపడింది. అంటే బిడ్డ ఎందుకిలా పుట్టిందో తెలుసుకోవాలన్నా దారి తల్లి దగ్గరే మొదలవుతుంది. మన దేశంలో మీజిల్స్, రుబెల్లా టీకా ప్రచారం 2017 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు తొలి రాష్ట్రాల్లో తమిళనాడు, కర్ణాటక ఉన్నాయి. ఆ టీకా మీద వాట్సాప్ లో ఎన్ని పుకార్లు తిరిగాయో చెన్నైలో ఉన్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

లోపం లేని చోట లోపం చూసి భయపడేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకూ తల్లి ముందే బిడ్డను పరీక్షించడమే మందు. నడుము కింద, పిరుదుల మీద నీలి మచ్చలు మన పిల్లల్లో చాలామందికి ఉంటాయి. దెబ్బలు కావు, నాలుగైదేళ్ళలో చాలావరకు పోతాయి. నెలలు నిండి పుట్టిన పిల్లలకు, ఆడైనా మగైనా, రొమ్ములు ఉబ్బి కాస్త పాలలాంటిది రావచ్చు. తల్లి హార్మోన్ల వల్ల అది, తగ్గిపోతుంది. దాన్ని పిండకూడదు, పిండితే చీము పడుతుంది. ఇదే కారణం చేత ఆడపిల్లకు తొలి వారంలో రెండు చుక్కలు రక్తం కనబడవచ్చు. చిటికెనవేలు పక్కన ఆరో వేలు ఉంటే వెంట్రుకో దారమో బిగించి రాలగొట్టే అలవాటు మనవాళ్ళలో ఇంకా ఉంది. చేయకండి, చీము పట్టవచ్చు, లోపల ఎముక కూడా ఉండవచ్చు. మగబిడ్డకు మూత్రం రంధ్రం కిందివైపు ఉంటే సున్తీ చేయించకూడదు, ఆ చర్మమే తరవాత ఆపరేషన్ కు కావాలి. వృషణం ఒకటి కిందికి దిగకపోతే ఆరు నెలలు చూసి డాక్టరుకు చూపించాలి. పెద్దయితే దిగుతుందిలే అని పదేళ్ళు ఆగకూడదు.

ఇంతవరకూ చదివినవాళ్ళు ఒక మాట అంటారు, నాతో చాలామంది అన్నారు కూడా. "బాలింత ఒళ్ళు పచ్చిగా ఉంటుంది, బీపీ ఉంటుంది, మనసు చెదిరితే పాలు కూడా రావు." ఈ భయం వట్టిది కాదు. కాన్పు తరవాత మానసిక కుంగుబాటు నిజం, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అందుకే నేను ఎలా చెప్పాలన్నదాని గురించి పట్టుబడతాను. వరండాలో నిలబడి చెప్పొద్దు. గదిలో కూర్చుని, భర్త పక్కనుండగా, బిడ్డ ఆమె ఒళ్ళో ఉండగా చెప్పాలి. బిడ్డ ఏడుస్తోంది, రంగు బాగుంది, చేతులు ఆడిస్తోంది అని బాగున్నవి కూడా చూపించాలి. లోపం ఇదీ అని దాని మీద వేలు పెట్టి చూపించాలి. ఇప్పుడు ఏం చేయాలి, తరవాత ఎప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాలి అన్న రెండు సంగతులు చెప్పి, మిగతావి మర్నాడు చెప్పొచ్చు. ఆమె అడిగినదానికి తెలియకపోతే తెలుసుకుని చెప్తామనాలి. ఇవన్నీ చేసే డాక్టర్లు చెన్నైలో ఉన్నారు, వాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నేను తెలుగు చేస్తూ నేర్చుకున్నవే ఇవి. మత్తు దిగని మనిషికి, ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ఆగి చెప్పడం వేరు. తెలివిగా ఉండి "నా బిడ్డేది" అని అడుగుతున్న మనిషికి చెప్పకపోవడం వేరు.

చట్టం కూడా ఆమెనే చూస్తుంది. 18 నుంచి 20 వారాల మధ్య కడుపులో బిడ్డ అవయవాలన్నీ చూడటానికి చేసే టిఫా స్కాన్ లో వెన్నెముక చీలిక, గుండె లోపాలు, మొర్రి పెదవి చాలావరకు కనబడతాయి, అన్నీ కనబడవు. అంగిలి మాత్రమే చీలితే తప్పిపోవచ్చు. తీవ్రమైన లోపం ఉంటే 24 వారాలు దాటాక కూడా మెడికల్ బోర్డు అనుమతితో గర్భం తీయించుకోవచ్చని గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ చెప్తోంది. గర్భం తీయాలంటే 18 ఏళ్ళు నిండిన స్త్రీ అనుమతి ఒక్కటే చాలు, భర్త సంతకం అక్కర్లేదు. నిర్ణయం ఆమెదని చట్టం అంటుంటే, స్కాన్ రిపోర్టు భర్త చేతికిచ్చి ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టడం ఏం న్యాయం?

మేనరికం గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ లలో నాలుగో వంతుకు పైగా పెళ్ళిళ్ళు దగ్గరి బంధువుల మధ్యే జరుగుతున్నాయని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. మేనమామ, మేనకోడలు అయితే నాలుగో వంతు జన్యువులు ఇద్దరివీ ఒకటే. బావామరదళ్ళయితే ఎనిమిదో వంతు. ఇంగ్లాండులో బ్రాడ్‌ఫర్డ్ అనే ఊళ్ళో పుట్టిన 11 వేల పైచిలుకు పిల్లల మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, బంధుత్వం లేని దంపతుల పిల్లల్లో లోపాలు నూటికి 3 దాకా ఉంటే, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లలు చేసుకున్న పెళ్ళిళ్ళలో నూటికి 6 దాకా కనబడ్డాయి. అంటే మేనరికం చేసుకున్న వాళ్ళలోనూ నూటికి 94 మంది పిల్లలు ఆ లోపాలు లేకుండానే పుట్టారు, కానీ ముప్పు రెట్టింపయింది. ఈ రెండు సగాలనూ కలిపే చెప్పాలి. ఆస్తి పోకూడదని, మాట పోకూడదని ఆ సంబంధం కుదిర్చింది పెద్దలు. జన్యువు ఇద్దరి దగ్గర నుంచీ వస్తుంది. అప్పుడు నిందంతా కోడలి మీద పడటం అన్యాయం. ఆ అన్యాయాన్ని ఎన్నో ఇళ్ళల్లో చూస్తున్నాను.

చివరగా, ఇంటికి వెళ్ళేవాళ్ళకు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుక లోపాలున్న పిల్లలను ఉచితంగా చూసి, పెద్దాసుపత్రికి పంపి, చికిత్స చేయించాలి. మొర్రి, వంకర పాదం, తుంటి, పుట్టుశుక్లం, చెవుడు, గుండె జబ్బు, వెన్నెముక లోపం అన్నీ అందులో ఉన్నాయి. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే జిల్లా కేంద్రంలో ఎక్కడ చూస్తారో చెప్తుంది. చెన్నైకి వచ్చేటట్టయితే ఆంధ్ర ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, రైలు దిగాక కనుక్కుంటే ఒక పూట పోతుంది.

ఇంకో బిడ్డ కావాలనుకునేవాళ్ళు గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడాలి. తల్లిదండ్రులకు మొర్రి లేకుండా మొదటి బిడ్డకు ఉంటే రెండో బిడ్డకు వచ్చే అవకాశం నూటికి మూడు నుంచి ఐదు. వెన్నెముక చీలికతో ఒక బిడ్డ పుట్టి ఉంటే తల్లి రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ గర్భానికి ముందు నుంచే వేసుకుంటే మళ్ళీ రావడం 72 శాతం తగ్గిందని బ్రిటన్ వైద్య పరిశోధన మండలి పలు దేశాల్లో చేసి 1991లో ప్రచురించిన పెద్ద పరీక్షలో తేలింది. మిగతా ఆడవాళ్ళలో చాలామందికి 400 మైక్రోగ్రాములు చాలు. వెన్నుపాము గొట్టం మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల్లోపే, నెల తప్పిందని తెలిసేసరికే ఆ పని అయిపోవస్తుంది. అందుకే మాత్ర ముందు నుంచీ వేసుకోవాలి.

డిశ్చార్జి కాగితంలో బిడ్డకు ఉన్న లోపం పేరు, ఏ పరీక్షలు చేశారు, మళ్ళీ ఎప్పుడు రావాలి అన్నవి స్పష్టంగా రాయమని అడగండి. రాసినదాన్ని తెలుగులో చదివి తల్లికి చెప్పండి. ఆ ఫైలు బీరువాలో భర్త సర్టిఫికెట్ల కింద పెట్టకండి, ఆమె దగ్గరే ఉంచండి. తరవాతి కాన్పుకు డాక్టరు అడిగేది ఆమెను.